పంపించే ముందు ఆ పది నిమిషాలు: విజయవాడ, గుంటూరు ఆస్పత్రులకు బహిరంగ లేఖ

విజయవాడ, గుంటూరు నగరాల్లోనూ, ఈ రెండింటి మధ్య హైవే పక్కనా "24 గంటల ఎమర్జెన్సీ" అని బోర్డు పెట్టుకున్న ఆస్పత్రుల యాజమాన్యాలకు, సూపరింటెండెంట్లకు, రాత్రి డ్యూటీ చేసే డాక్టర్లకు, నర్సులకు,

నమస్కారం.

నేను గుంటూరులో చాలా ఏళ్లు క్యాజువాలిటీలో పనిచేసి, హెడ్ నర్సుగా రిటైరయ్యాను. నరసరావుపేట, సత్తెనపల్లి, పిడుగురాళ్ల, చిలకలూరిపేట, బాపట్ల, ఇటు మంగళగిరి వైపు నుంచి "హయ్యర్ సెంటర్‌కి రిఫర్" అని చీటీ రాసి పంపించిన మనుషుల్ని అవతల నిలబడి అందుకున్నదాన్ని. అంబులెన్స్ తలుపు తీయగానే లోపల మనిషి ఎలా ఉంటాడో, చేతిలో చీటీ ఎలా ఉంటుందో బాగా తెలిసినదాన్ని. దాని గురించే ఈ ఉత్తరం.

పంపించడం తప్పని నేను అనను. అర్ధరాత్రి మీ దగ్గర సర్జన్ ఉండకపోవచ్చు, మత్తు డాక్టరు ఉండకపోవచ్చు, ఐసీయూలో బెడ్ ఉండకపోవచ్చు. అలాంటప్పుడు ఉంచుకోవడమే తప్పు, పంపించాల్సిందే. నేను అడిగేది పంపించే ముందు సంగతి. యాక్సిడెంట్‌లో రక్తం పోయి షాక్‌లోకి, అంటే ఒంటికి సరిపడా రక్తం అందని స్థితిలోకి, జారుతున్న మనిషికి మొదటి ఆస్పత్రిలో గడిచే ఆ పది పదిహేను నిమిషాల్లో ఏది ముందు చేశారు, ఏది వెనక చేశారు అన్నదాని మీదే బతుకు ఆధారపడి ఉంటుంది. మన దగ్గర చాలాచోట్ల ఆ వరస తలకిందులుగా ఉంది. పేరు, ఊరు, ఆధార్, అడ్వాన్స్, ఎమ్మెల్సీ (పోలీసుల కోసం రాసే రికార్డు), ఎక్స్‌రే, సీటీ, పెద్ద డాక్టరుగారికి ఫోను, ఇవన్నీ అయ్యాక రక్తం సంగతి. తెలియక ఇలా జరుగుతోందని నేను అనుకోను. ఎంబీబీఎస్ చదివిన ప్రతి ఒక్కరికీ ఇది తెలుసు. రాత్రిపూట, జనం తోసుకొస్తుంటే, తోడొచ్చినవాళ్లు అరుస్తుంటే, ముందు ఏం చేయాలో గోడ మీద రాసి లేకపోతే, ఎవరికి ఏది అలవాటో అది ముందు జరిగిపోతుంది.

మిరప కోతల రోజుల్లో కూలీల ఆటోలు, ట్రాక్టర్లు బోల్తాపడ్డ వార్తలు మీరూ చదువుతూనే ఉంటారు. అలాంటి ఆటోలోంచి తీసుకొచ్చిన ఒకావిడ సంగతి చెబుతాను. ముప్పై అయిదేళ్లుంటాయి. ఒంటి మీద చెప్పుకోదగ్గ గాయం లేదు. మోచెయ్యి గీరుకుపోయింది, ఎడమవైపు పక్కటెముకల కింద కమిలింది, అంతే. మొదట చూసిన ఆస్పత్రి చీటీ మీద "కడుపు నొప్పి, బీపీ 110/80, స్టేబుల్" అని రాసి ఉంది. చేతికి నీలం రంగు క్యాన్యులా (నరంలోకి పెట్టే గొట్టాల్లో సన్నటిది), సెలైన్ నెమ్మదిగా పడుతోంది. మిట్టమధ్యాహ్నం, బయట ఎండ మండిపోతోంది. ఆవిడ అరచెయ్యి పట్టుకుంటే మాత్రం చల్లగా, చెమటతో జిగటగా ఉంది. వేళ్లకి ఇంకా మిరపకాయ ఘాటుంది. "దాహం, కాసిని నీళ్లియ్యండమ్మా" అని అడుగుతోంది. పడుకోబెడితే లేచిపోతోంది, కప్పిన దుప్పటి లాగేస్తోంది. తోడొచ్చిన ఆయన, "అక్కడి డాక్టరుగారు భయపడిందన్నారండీ. టెన్షన్ వల్లే ఇదంతా అని నిద్రకి ఇంజెక్షన్ ఇచ్చారు" అన్నాడు. నాడి చూస్తే 130. గోరు నొక్కి వదిలితే తెల్లగానే ఉండిపోయింది, ఎర్రదనం తిరిగి రావడానికి చాలాసేపు పట్టింది.

ప్లీహం (పొట్టలో ఎడమవైపు పక్కటెముకల కింద ఉండే అవయవం) పగిలి కడుపు నిండా రక్తం. ఆవిడ బతికింది. ఆ పూట థియేటర్ ఖాళీగా ఉండబట్టి, సర్జన్‌గారు వార్డులోనే ఉండబట్టి బతికింది. ఇవి కలిసిరాని రోజులు కూడా నేను చూశాను.

ఆవిడ బీపీ 110/80 అన్నది అబద్ధం కాదు. ఎవరూ తప్పు రాయలేదు. ఆ అంకెని చూసి "స్టేబుల్" అని రాయడమే తప్పు. పెద్ద మనిషి ఒంట్లో సుమారు 5 లీటర్ల రక్తం ఉంటుంది. అందులో 30 శాతం, అంటే దాదాపు లీటరున్నర పోయేదాకా చాలామందిలో పై బీపీ (110/80లో 110) పడిపోదు. శరీరం తన శక్తినంతా పెట్టి దాన్ని నిలబెడుతుంది. చర్మానికి, చేతులకి, పేగులకి వెళ్లే రక్తాన్ని కట్టేసి గుండెకి, మెదడుకి పంపుతుంది. అందుకే అరచెయ్యి చల్లబడుతుంది, దాహం వేస్తుంది, నాడి పరుగెడుతుంది, ఊపిరి వేగం పెరుగుతుంది, మనిషి కుదురుగా ఉండలేడు. బీపీ పడిపోయేసరికి శరీరం చేయగలిగిందంతా చేసేసి చేతులెత్తేసిందని అర్థం. అక్కడి నుంచి వెనక్కి లాగడం చాలా కష్టం.

కాబట్టి బీపీ కట్టు చుట్టే ముందే చెయ్యి పట్టుకుని చూడండి. మణికట్టు దగ్గర నాడి అందుతోందా, ఎంత వేగంగా ఉంది, అరచెయ్యి వెచ్చగా ఉందా, మనిషి మాట తిన్నగా ఉందా. దీనికి అర నిమిషం చాలు, ఏ మెషీనూ అక్కర్లేదు. నాడి అంకెని పై బీపీతో భాగించండి. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో అది 0.5 నుంచి 0.7 దాకా ఉంటుంది. 0.9 దాటితే లోపల ఎక్కడో రక్తం పోతోందని అనుమానించాలి. ఆవిడకి 1 దాటిపోయింది. ఇంకో సంగతి. కుదురుగా పడుకోని యాక్సిడెంట్ పేషెంటుకి, కారణం తేలేదాకా నిద్ర ఇంజెక్షన్ ఇవ్వొద్దని దండం పెట్టి చెబుతున్నాను. ఆ అస్థిమితం మెదడుకి రక్తం, ఆక్సిజన్ అందడం లేదని చెప్పే గుర్తు కావచ్చు. దాన్నే మాయం చేసేస్తే తర్వాత చూసేవాళ్లకి ఏం మిగులుతుంది?

నాడిని కూడా గుడ్డిగా నమ్మడానికి లేదు. గుండె వేగాన్ని తగ్గించే బీపీ మాత్రలు వాడే పెద్దవాళ్లలో ఎంత రక్తం పోయినా నాడి 90 దాటకపోవచ్చు. పిల్లలు చివరిదాకా బాగానే ఉన్నట్టు కనబడి ఒక్కసారిగా పడిపోతారు. గర్భిణుల ఒంట్లో రక్తం ఎక్కువ ఉంటుంది కాబట్టి వాళ్లలోనూ ఆలస్యంగా బయటపడుతుంది. నెలలు నిండుతున్నవాళ్లని వెల్లకిలా పడుకోబెట్టకుండా ఎడమవైపు కాస్త వాల్చాలి. లేకపోతే గర్భసంచి బరువుకి పెద్ద రక్తనాళం నొక్కుకుపోయి బీపీ ఇంకా పడుతుంది. వెన్నెముక దెబ్బ అనుమానం ఉంటే నడుము మెలిపడకుండా కింద పరిచిన బోర్డుతో సహా వాల్చాలి.

ఇక రక్తం ఆపడం. ఎన్నో ఏళ్లుగా మనమంతా నేర్చుకున్న వరస ముందు ఎయిర్‌వే (ఊపిరి దారి), తర్వాత బ్రీతింగ్ (ఊపిరి), ఆ తర్వాత సర్క్యులేషన్ (రక్త ప్రసరణ). ఇప్పుడు ట్రామా (తీవ్ర గాయాల వైద్యం) శిక్షణలో వీటన్నిటికంటే ముందు, కళ్లెదుట ధారగా కారిపోతున్న రక్తాన్ని ఆపమంటున్నారు. తొడ దగ్గర పెద్ద రక్తనాళం తెగితే కొద్ది నిమిషాల్లో ప్రాణం పోతుంది. అంబులెన్స్‌లో మా దగ్గరికి వచ్చే కట్లు ఎలా ఉంటాయో మీకు చెప్పాలి. దూది మీద దూది, దాని మీద బ్యాండేజీ, అది తడిస్తే ఇంకో బ్యాండేజీ. విప్పితే అడుగున రక్తం కారుతూనే ఉంటుంది. కట్టు ఎంత లావుగా ఉంటే రక్తం అంత బాగా ఆగిందని తోడొచ్చినవాళ్లు అనుకుంటారు. నిజానికి అది రక్తాన్ని ఆపదు, కనబడకుండా దాస్తుంది. గాయం విప్పి, రక్తం వచ్చే చోటు చూసి, గాజుగుడ్డ లోపలికి కూరి, అరచేతితో గట్టిగా నొక్కిపట్టాలి. మధ్యమధ్యలో ఎత్తి చూడకూడదు. అలా పట్టుకోవడానికి ఒక మనిషిని ప్రత్యేకంగా పెట్టండి, వార్డు బాయ్ అయినా సరే. చెయ్యో కాలో నలిగిపోయి, నొక్కినా ఆగకపోతే గాయానికి పైన టూర్నికే (రక్తం ఆగేలా బిగించే వెడల్పాటి పట్టీ) బిగించి, కట్టిన టైము దాని మీదే మార్కర్‌తో రాయండి. సన్నటి తాడుతోనో వైరుతోనో కట్టొద్దు. అది చర్మాన్నీ నరాల్నీ కోస్తుంది, లోపలి రక్తనాళాన్ని మాత్రం ఆపదు.

కళ్లకి కనబడని రక్తం నాలుగు చోట్ల చేరుతుంది. ఛాతీ, కడుపు, కటి ఎముకల మధ్య, తొడలు. ఒక తొడ ఎముక విరిగితేనే లీటరుకు పైగా లోపలే పోవచ్చు. తొడకి థామస్ స్ప్లింట్ (కాలిని లాగి పట్టే చట్రం) వేసి కాలు లాగి కడితే నొప్పీ తగ్గుతుంది, రక్తమూ తగ్గుతుంది. కటి ఎముక విరిగిందని అనుమానం వస్తే, నొక్కి ఊపి పరీక్షించకుండా, ఒక దుప్పటిని మడిచి గట్టిగా చుట్టి బిగించాలి. చాలామంది దాన్ని నడుముకి కడతారు. నడుముకి కాదు. తొడ ఎముక పైభాగం పక్కకి ఉబ్బెత్తుగా తగిలే చోట, పిరుదుల మట్టానికి కట్టాలి. పాదాలు రెండూ దగ్గరకి చేర్చి కట్టాలి. దుప్పటి లేని ఆస్పత్రి లేదు కదా. అయినా అది కట్టించుకుని వచ్చిన పేషెంటుని నేను చూసింది చాలా తక్కువ.

ఛాతీ విషయం ఒక్క మాట. ఒకవైపు ఊపిరి శబ్దం లేక, ఊపిరాడక, బీపీ పడిపోతుంటే ఎక్స్‌రే కోసం ఆగొద్దు. ఊపిరితిత్తి చుట్టూ బిగుసుకున్న గాలిని అప్పటికప్పుడు బయటికి వదలాలి. ఆ మనిషి ఎక్స్‌రే రూందాకా వెళ్లి తిరిగి రాకపోవచ్చు.

సెలైన్ గురించి కాస్త ఎక్కువ చెబుతాను. ఎందుకంటే ఇక్కడే మంచి మనసుతో చెడు జరుగుతోంది. "మూడు బాటిళ్లు ఎక్కించి పంపాం సిస్టర్" అని ఫోన్లో గొప్పగా చెబుతారు. రక్తం ఆపకుండా సెలైన్ ఎక్కించడం చిల్లికుండలో నీళ్లు పోయడమే. అంతకంటే హాని కూడా ఉంది. సెలైన్ ఆక్సిజన్ మోయదు. గడ్డకట్టే పదార్థాల్ని పలచన చేస్తుంది. ఒంటిని చల్లబరుస్తుంది. బీపీ ఒక్కసారిగా పెరిగితే అప్పుడప్పుడే గాయం దగ్గర కట్టిన రక్తపు గడ్డ ఊడి కొట్టుకుపోతుంది. 1994లో అమెరికాలోని హ్యూస్టన్‌లో కత్తిపోట్లు, తుపాకీ దెబ్బలు తగిలినవాళ్ల మీద ఒక పెద్ద పరిశీలన జరిగింది. ఆపరేషన్ థియేటర్‌కి వెళ్లేదాకా ద్రవాలు ఎక్కించకుండా ఆగినవాళ్లే ఎక్కువ మంది బతికారు. మన రోడ్డు ప్రమాదాల దెబ్బలు వేరే రకం, నిజమే. అయినా ఆ తర్వాత అన్ని రకాల గాయాల విషయంలోనూ వైద్యం అటువైపే నడిచింది. మొదట 2 లీటర్లు ఎక్కించమన్న ట్రామా పాఠాలు 2018 నాటికి 1 లీటరుకి దిగాయి. అదీ గోరువెచ్చగా ఇవ్వమన్నాయి. రక్తం ఆగేదాకా పై బీపీ 80, 90 మధ్య ఉండి, మణికట్టు నాడి అందుతూ, మనిషి మాట్లాడుతుంటే చాలు, 120కి తేవాలన్న తపన వద్దు. ఒక్క మినహాయింపు ఉంది. తలకి దెబ్బ తగిలినవాళ్లకి మాత్రం ఇది వర్తించదు. వాళ్ల పై బీపీ 100, 110కి తగ్గితే మెదడు ఇంకా దెబ్బతింటుంది.

లైన్ పెట్టడం నర్సుల పని కాబట్టి చెల్లెళ్లకి చెబుతున్నాను. దొరికింది కదా అని నీలం క్యాన్యులా పెట్టి వదలొద్దు. దాంట్లోంచి రక్తం ఎక్కించాలంటే తెల్లారుతుంది. లావుగా ఉండే ఆకుపచ్చది గానీ బూడిదరంగుది గానీ, వీలైతే రెండు చేతులకీ ఒక్కొక్కటి పెట్టండి. షాక్ ముదిరితే నరాలు ముడుచుకుపోతాయి, అప్పుడు ఎవరికీ దొరకవు. వచ్చిన మొదటి నిమిషాల్లో మీకు దొరికే నరం అరగంట తర్వాత మాకు దొరకదు. లైన్ పెట్టగానే గ్రూపింగ్‌కి, క్రాస్‌మ్యాచ్‌కి (ఎక్కించే రక్తం ఈ మనిషికి సరిపోతుందో లేదో చూసే పరీక్షకి) శాంపిల్ తీసి, పేరు రాసి, పేషెంటుతో పాటు పంపండి.

ట్రనెగ్జామిక్ యాసిడ్ అనే, రక్తపు గడ్డ కరిగిపోకుండా చూసే మందు మీ అందరి దగ్గరా ఉంది. కాన్పు తర్వాత రక్తస్రావానికి లేబర్ రూంలో పెట్టుకుంటున్నారు. మరి క్యాజువాలిటీ ట్రేలో ఎందుకు లేదు? క్రాష్-2 అనే పరిశీలనలో మన దేశంతో సహా 40 దేశాల్లో 20 వేల మందికి పైగా గాయపడ్డవాళ్లు పాల్గొన్నారు. ఫలితాలు 2010లో వచ్చాయి. ఈ మందు ఇస్తే రక్తం పోయి చనిపోయేవాళ్లు తగ్గారు. మరుసటి ఏడాదే ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని ట్రామాకి అత్యవసర మందుల జాబితాలో చేర్చింది. 1 గ్రాము 10 నిమిషాల్లో ఎక్కించాలి, తర్వాత ఇంకో గ్రాము 8 గంటల పాటు. గాయమైన 3 గంటల లోపు ఇస్తేనే మేలు, దాటాక ఇస్తే కీడే జరగొచ్చు. ఆలస్యమయ్యే ప్రతి 15 నిమిషాలకీ దాని మేలు 10 శాతం చొప్పున తగ్గుతుందని తర్వాతి లెక్కల్లో తేలింది. మాచర్ల దగ్గర యాక్సిడెంట్ అయి, ఒక ఆస్పత్రి, ఇంకో ఆస్పత్రి చూసి గుంటూరు చేరేసరికి ఆ 3 గంటలు ఎక్కడివి? ఈ మందు ఇవ్వగలిగేది మీరే, మేం కాదు. ఖరీదైనదీ కాదు, ఫ్రిజ్ కూడా అక్కర్లేదు. ఇచ్చిన టైము చీటీ మీద పెద్దక్షరాలతో రాయండి.

మన ఊళ్లలో ఎవరూ పట్టించుకోనిది చలి. మే నెలలో బెజవాడ ఎండలో మనిషికి చలేమిటి అనిపిస్తుంది. కానీ రక్తం పోయిన ఒంట్లో వేడి పుట్టదు. తడిసిన బట్టలు, ఏసీ అంబులెన్స్, అంతకంటే చల్లటి స్కాన్ రూం, ఇనప బల్ల, గది చల్లదనంలో ఉన్న సెలైన్ బాటిళ్లు, అన్నీ కలిసి ఆ మనిషిని చల్లబరుస్తాయి. ఒంటి వేడి 35 డిగ్రీల కిందకి దిగితే రక్తం సరిగా గడ్డకట్టదు. గడ్డకట్టకపోతే ఇంకా పోతుంది, ఇంకా చల్లబడతాడు, రక్తంలో ఆమ్లం పెరుగుతుంది. ఈ మూడూ ఒకదాన్నొకటి పెంచుకుంటూ పోతాయి. అందుకే తడిబట్టలు కోసి తీసేసి, ఒళ్లంతా వెనకా ముందూ చూసి, వెంటనే దుప్పటి కప్పండి. ట్రామా గదిలో ఏసీ కట్టేయండి. మనకి చెమట పోస్తే పోయనివ్వండి.

రక్తం విషయానికొస్తే నా బాధంతా ఇక్కడే ఉంది. మన దగ్గర రక్తం పేషెంటు దగ్గరికి రాదు, పేషెంటు తాలూకువాళ్లు రక్తం కోసం తిరుగుతారు. అర్ధరాత్రి చేతిలో శాంపిల్ ట్యూబు, రిక్వెస్ట్ ఫారం పట్టుకుని, ఊరు తెలియని పల్లెటూరి మనిషి దారి అడుక్కుంటూ వెళ్తాడు. అక్కడ డోనర్ని తెమ్మంటారు. ఫారంలో సంతకం లేదని వెనక్కి పంపుతారు. ఆయన తిరిగొచ్చేసరికి లోపల భార్య పరిస్థితి ఏమవుతుంది? సర్జరీలు చేసే ప్రతి ఆస్పత్రీ కనీసం బ్లడ్ స్టోరేజ్ సెంటర్ అనుమతి తీసుకుని, 'ఓ' (O) గ్రూపు రక్తం కొన్ని యూనిట్లు ఎప్పుడూ ఉంచుకోవాలని అడుగుతున్నాను. ప్రాణం పోయే స్థితిలో క్రాస్‌మ్యాచ్ అయ్యేదాకా ఆగకుండా డాక్టరు సంతకం మీద 'ఓ' గ్రూపు రక్తం ఎక్కించవచ్చు. ఓ నెగటివ్ మన జనంలో చాలా అరుదు. దాన్ని ఆడపిల్లలకి, ఇంకా పిల్లలు పుట్టే వయసు ఆడవాళ్లకి దాచి, మగవాళ్లకి ఓ పాజిటివ్‌తో మొదలుపెట్టవచ్చు. ఎర్రకణాలతో పాటు ప్లాస్మా, ప్లేట్‌లెట్లు కూడా సమానంగా ఇవ్వాలి. కొన్ని యూనిట్లు పడ్డాక కాల్షియం ఇవ్వడం మరిచిపోవద్దు. బ్యాగులో రక్తం గడ్డకట్టకుండా కలిపి ఉంచే సిట్రేట్ ఒంట్లోని కాల్షియాన్ని తినేస్తుంది. ఈలోగా ఓ మనిషి, మీ ఆస్పత్రి మనిషి, బైకు మీద బ్లడ్ బ్యాంకుకి వెళ్లాలి. బంధువు పేషెంటు పక్కన ఉండాలి.

సీటీ దగ్గర గొడవ పడ్డ రాత్రులు చాలా ఉన్నాయి. బీపీ నిలబడని మనిషిని సీటీకి పంపకూడదు. మీరు ఎలాగూ పంపించేవాళ్లయితే స్కాన్ ఎందుకు తీస్తున్నారు? ఫిలిం కోసం ముప్పావుగంట ఆపి, బిల్లు కట్టించుకుని, అప్పుడు రిఫర్ చేస్తారు. అవతల సర్జన్ ఆ ఫిలిం చూడకుండానే థియేటర్‌లోకి తీసుకెళ్లాల్సిన స్థితిలో ఉంటాడు పేషెంటు. కడుపులో రక్తం ఉందా లేదా అన్నది మంచం దగ్గరే అల్ట్రాసౌండ్‌తో రెండు మూడు నిమిషాల్లో తెలుస్తుంది. లింగ నిర్ధారణ నిరోధక చట్టం వల్ల మెషీన్‌కి రిజిస్ట్రేషన్ ఉండాలి, వాడే డాక్టరుకి అర్హత ఉండాలి. ఆ చట్టం అవసరమే. కానీ దాని పేరు చెప్పి రాత్రి స్కాన్ గదికి తాళం వేసి, రేడియాలజిస్టు ఇంటి నుంచి వచ్చేదాకా కూర్చోవడం ఎవరూ కోరలేదు. క్యాజువాలిటీ డాక్టర్లకి శిక్షణ ఇప్పించి, వాళ్ల పేర్లు రిజిస్టర్ చేయించే పని యాజమాన్యానిది.

డబ్బు, పోలీసు భయాల గురించి యాజమాన్యాలకి నేరుగా చెబుతాను. గాయపడి వచ్చిన మనిషికి ప్రభుత్వ డాక్టరైనా ప్రైవేటు డాక్టరైనా ముందు ప్రాణం కాపాడే వైద్యం చేయాల్సిందేనని, పోలీసు లాంఛనాల కోసం ఆగకూడదని సుప్రీంకోర్టు 1989లోనే పరమానంద్ కటారా కేసులో చెప్పింది. ఎమ్మెల్సీ రాయాలి, ఎవరూ కాదనరు, రక్తం ఆపాక రాయండి. తెచ్చినవాళ్లకి రక్షణగా మోటారు వాహనాల చట్టంలో 2019లో 134ఏ సెక్షన్ చేర్చారు. దాని కింద వచ్చిన నిబంధనల ప్రకారం వాళ్లని పేరు చెప్పమని నిలదీయకూడదు. తెచ్చినవాళ్ల హక్కుల్ని ఆస్పత్రి గుమ్మం దగ్గర స్థానిక భాషలో రాసి పెట్టాలి. మీ గుమ్మం దగ్గర ఆ బోర్డు ఉందేమో ఒకసారి బయటికెళ్లి చూడండి. ఇక ఖర్చు. రోడ్డు ప్రమాద బాధితులకి 7 రోజుల పాటు లక్షా యాభై వేల దాకా నగదు రహిత వైద్యం పథకాన్ని కేంద్రం 2025 మేలో నోటిఫై చేసింది. జాబితాలో లేని ఆస్పత్రిలో కూడా మనిషిని స్థిరపరిచేదాకా చేసిన వైద్యం దాని కిందికి వస్తుంది. "అడ్వాన్స్ కట్టలేదు" అన్న మాట కౌంటర్‌లో ఇక వినబడకూడదు.

ఈ మాటలన్నీ పెద్ద కార్పొరేట్ ఆస్పత్రుల కోసం కదా, మా పాతిక పడకల ఆస్పత్రికెందుకు అని ఎవరైనా అనుకుంటే, ప్రపంచమంతా నేర్పే ట్రామా పాఠాలు ఎక్కడ పుట్టాయో గుర్తు చేస్తాను. 1976లో అమెరికాలోని నెబ్రాస్కాలో జేమ్స్ స్టైనర్ అనే ఎముకల డాక్టరు కుటుంబంతో వెళ్తుండగా, ఆయనే నడుపుతున్న చిన్న విమానం పొలాల్లో కూలిపోయింది. భార్య అక్కడే చనిపోయింది, పిల్లలు తీవ్రంగా గాయపడ్డారు. వాళ్లని తీసుకెళ్లిన చిన్న ఊరి ఆస్పత్రిలో జరిగిన వైద్యం చూసి ఆయన తల్లడిల్లిపోయాడు. రెండేళ్లకి, 1978లో, ఆయన, తోటి డాక్టర్లు కలిసి మొదటి శిక్షణ తరగతి నడిపారు. అది చిన్న ఊళ్ల డాక్టర్ల కోసం పెట్టిన శిక్షణ, మొదట పేషెంటుని చూసేవాళ్ల కోసం. అంటే మీ కోసం.

పంపించేటప్పుడు మాత్రం ఇలా పంపండి. ఎక్కడికి వెళ్లాలో అంబులెన్స్ డ్రైవర్ నిర్ణయించకూడదు. ముందు ఫోన్ చేసి, అవతల సర్జన్, థియేటర్, రక్తం ఉన్నాయో లేదో కనుక్కుని, ఎవరితో మాట్లాడారో పేరు రాసుకోండి. గుంటూరులో కుదరక విజయవాడ పంపితే, కాజ టోల్‌గేట్ దాటి, వారధి మీదుగా బెంజ్ సర్కిల్ చేరేదాకా ఆ మనిషి పక్కన ఒక నర్సు ఉండాలి. వెనక తలుపు వేసేసి, బాటిల్ పట్టుకోమని బంధువుకి చెప్పి పంపేయకూడదు. గాయాన్ని నొక్కి పట్టుకున్న చెయ్యి దారిలో అలిసిపోతే ఇంకో చెయ్యి అందుకోవాలి. దారిలో నోటి ద్వారా నీళ్లు, సోడా ఇవ్వకుండా చూడాలి.

చీటీ మీద "స్టేబుల్" అన్న మాట వద్దు. దెబ్బ తగిలిన టైము, మీ దగ్గరికి వచ్చిన టైము, మీరు చూసిన నాడి, బీపీ, ఊపిరి, తెలివి, రక్తం ఎక్కడి నుంచి పోతోందని మీ అనుమానం, ఏం కట్టారు, ఎప్పుడు కట్టారు, ట్రనెగ్జామిక్ ఎన్ని గంటలకి ఇచ్చారు, మొత్తం ఎంత సెలైన్ పోయింది, ఎవరికి ఫోన్ చేశారు, ఇవి రాస్తే చాలు. అర పేజీ కూడా పట్టదు. దీన్ని ముందే ఫారంగా అచ్చు వేయించి, క్యాజువాలిటీ బల్ల మీద పెట్టండి. దాని వెనకవైపు ముందు ఏం చేయాలో వరసగా తెలుగులో రాయించి, అదే వరసని గోడ మీద కూడా అంటించండి. రాత్రి షిఫ్ట్ నర్సులకి దుప్పటి కట్టడం, గాయంలో గాజుగుడ్డ కూరడం, టూర్నికే బిగించడం చేతులతో చేయించి నేర్పండి. ఇవి మాటలతో వచ్చేవి కావు. మీలో ఎవరు పిలిచినా నేర్పడానికి నేను వస్తాను, నాతో పనిచేసి రిటైరైన ఇంకొందరు సిస్టర్లు కూడా వస్తామన్నారు. మాకు ఏమీ ఇవ్వక్కర్లేదు.

మిరప కోతలు మొదలయ్యేలోపు ఈ పని జరగాలని కోరుతూ,

ఒక రిటైర్డ్ హెడ్ నర్సు,
గుంటూరు